ఆముదం గింజలో పండు వాసన: రైతుకు దక్కేదెంత?

"గింత కంపు కొట్టే ఆముదంల నుంచి పండ్ల వాసన ఎట్లొస్తది సారూ? మమ్ముల ఆట పట్టిస్తున్నవా?"

మార్కెట్ యార్డు బయట టీ బండి దగ్గర ఒక పెద్దాయన నన్ను అడిగిన మాట ఇది. ఆయన పొద్దున్నే నాలుగు క్వింటాళ్ల ఆముదాలు తెచ్చాడు. కొనేవాడొచ్చి గుప్పెడు గింజలు తీసి, రెండు నలిపి చూసి, "తడి ఉంది, తాలుంది" అన్నాడు. క్వింటాలుకు రెండు కిలోలు కోత పెట్టాడు. తేమ కొలిచే మిషన్ తేలేదు. తాలు ఎంతుందో చెరిగి చూడలేదు. చేతి లెక్కే తుది లెక్క. కిలో 60 రూపాయలనుకున్నా ఎనిమిది కిలోలకు 480 రూపాయలు అక్కడే పోయాయి. పెద్దాయన మాట్లాడకుండా రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ మాటా ఈ మాటా వచ్చి, "మీ గింజతో విదేశాల్లో పండ్ల వాసన తయారుచేస్తారు, మిఠాయిల్లో, అత్తర్లలో కలుపుతారు" అన్నాను. దానికే ఆయన నవ్వాడు. ఆముదం తాగిన మొహం అనేది మన సామెతే గదా. కడుపు శుద్ధికని అమ్మ ముక్కు పట్టుకుని తాగించిన ఆముదం తలుచుకుంటే నవ్వొచ్చే మాటే. కాని నేను చెప్పింది అబద్ధం కాదు. ఆ కథ ఆముదం వేసే ప్రతి రైతుకూ తెలియాలి. వాసన తయారుచేసుకోమని కాదు. మన గింజ ఎంత విలువైన సరుకో, ఆ విలువ ఎక్కడెక్కడ పుడుతుందో, మన దాకా ఎందుకు రావడం లేదో తెలుసుకోవడానికి.

ఆముదంలో ఉన్న ప్రత్యేకత

వేరుశనగ, నువ్వు, పొద్దుతిరుగుడు నూనెలు తినేవి. ఆముదం వేరు. అందులో నూటికి 85 నుంచి 90 పాళ్లు రిసినోలిక్ ఆమ్లం అనే ఒకే పదార్థం ఉంటుంది. ఇంత పాలు ఈ ఆమ్లం ఉన్న నూనె పెద్దఎత్తున పండే పంటల్లో మరొకటి లేదు. ఆముదం చిక్కగా, జిగటగా ఉండేది కూడా దీనివల్లే.

ఈ ఆమ్లాన్ని 18 పూసల దండ అనుకోండి. దండకు ఒక కొస నుంచి లెక్కపెడితే పన్నెండో పూస దగ్గర ఒక చిన్న కొక్కెం ఉంటుంది. మిగతా నూనెల దండలకు ఆ కొక్కెం ఉండదు. ఆముదం విలువంతా ఆ కొక్కెంలోనే ఉంది.

ఇప్పుడు ఈస్టు సంగతి. కల్లు పులిసేది, ఇడ్లీ పిండి పొంగేది సూక్ష్మజీవుల వల్లనే గదా. అలాంటిదే యారోవియా లిపోలిటికా అనే ఒక రకం ఈస్టు ఉంది. దానికి నూనె అంటే ఇష్టం. పెద్ద తొట్లలో ఆముదం పోసి ఈ ఈస్టును వదిలితే, అది దండను కొస నుంచి రెండేసి పూసల చొప్పున తెంపుకుని తింటుంది. నాలుగుసార్లు తెంపేసరికి 18 పూసల్లో పది మిగులుతాయి. పన్నెండో చోట ఉన్న కొక్కెం ఇప్పుడు నాలుగో చోటికి వస్తుంది. అంత దగ్గరయ్యాక దండ కొస వంగి ఆ కొక్కేనికి తగులుకుంటుంది. చిన్న ముడి పడుతుంది. ఆ ముడిపడ్డ పదార్థం పేరు గామా డెకాలాక్టోన్. దాని వాసన అచ్చం పండిన పీచ్ పండు వాసన.

పీచ్ మన దగ్గర పండదు. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండల్లో పండుతుంది. తీపిగా, కొంచెం వెన్న కలిసినట్టు ఉంటుంది దాని వాసన. ఇదే పదార్థం పీచ్‌లోనూ, ఆప్రికాట్‌లోనూ, స్ట్రాబెర్రీలోనూ సహజంగానే కొద్దికొద్దిగా ఉంటుంది. మన మామిడిపండు పరిమళంలో కూడా ఈ లాక్టోన్ కుటుంబపు పదార్థాలున్నాయి. పండ్ల నుంచి తీయాలంటే టన్నులకు టన్నులు పిండాలి, గిట్టుబాటు కాదు. ఆముదం నుంచి ఈస్టుతో తీస్తే గిట్టుబాటవుతుంది. నూనె మొక్కది, పని ఈస్టుది కాబట్టి దీన్ని సహజమైన వాసన కింద అమ్ముకోవచ్చు. 1980ల నుంచి ఈ పద్ధతి కర్మాగారాల్లో నడుస్తోంది.

నిప్పు మీద ఇంకో దారి

ఈస్టు కాకుండా వేడితో చేసే పాత పద్ధతి ఇంకొకటి ఉంది. మన ఆడవాళ్లు వంటాముదం ఎలా తీసేవారో గుర్తుందా? ఆముదాలు వేయించి, రోట్లో దంచి, నీళ్లలో ఉడకబెడితే నూనె పైకి తేలేది. దాన్ని గరిటెతో తీసి సీసాలో పోసేవారు. ఆ నూనెనే కర్మాగారంలో 500 డిగ్రీలు దాటిన వేడికి గురిచేస్తే 18 పూసల దండ రెండు ముక్కలవుతుంది. ఒకటి ఏడు పూసలది, రెండోది పదకొండు పూసలది.

పదకొండు పూసల ముక్క నుంచి గామా అండెకాలాక్టోన్ వస్తుంది. ఇదీ పీచ్ వాసనే. దీన్ని 1908లో రష్యా రసాయన శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అత్తర్ల వ్యాపారంలో దీన్ని ఆల్డిహైడ్ సి-14 అని పిలుస్తారు. చిత్రమేమంటే అది ఆల్డిహైడూ కాదు, అందులో 14 కార్బన్లూ లేవు. 1919లో పారిస్‌లో గెర్లాన్ సంస్థ మిత్సుకో అనే అత్తరు చేసింది. దాని పేరు నిలబెట్టింది ఈ పీచ్ వాసనే. నూరేళ్లు దాటినా ఆ అత్తరు ఇంకా అమ్ముడుపోతోంది.

ఏడు పూసల ముక్కా వృథా పోదు. దాని నుంచి అనాసపండు వాసన వచ్చే పదార్థం ఒకటి, మల్లె జాతి పూల వాసన వచ్చేది ఇంకొకటి తయారుచేస్తారు. సబ్బుల్లో, అగరువత్తుల్లో వాడే పూల వాసనల్లో ఈ రెండోది పేరున్న సరుకు.

కంపు కొడుతుందని మనం ముక్కు మూసుకునే గింజలో పీచ్, అనాస, మల్లె మూడూ దాగి ఉన్నాయన్నమాట.

ఆశపడే ముందు ఒక లెక్క

ఇది చదివి, "అయితే ఇక ఆముదం ధర ఆకాశానికంటుతుంది" అని ఎవరైనా అనుకుంటే నేనే అడ్డం పడతాను. వాసన పదార్థాలు వాడేది చిటికెలతో. టన్ను మిఠాయికి గామా డెకాలాక్టోన్ కొన్ని గ్రాములు చాలు. ప్రపంచమంతా కలిపి వాడినా దానికోసం కావలసిన ఆముదం, మొత్తం ఆముదం వ్యాపారంలో లెక్కకు రానంత. పైగా గామా అండెకాలాక్టోన్‌ను ఇప్పుడు పెట్రోలియం నుంచి వచ్చే రసాయనాలతో కూడా చేస్తున్నారు. ఆముదం ప్రియమైతే కర్మాగారం వాడు అటు తిరుగుతాడు.

అందుకే, "సుగంధ కంపెనీకి ఆముదం కావాలి, మా విత్తనమే వేయండి, రెండింతల ధరకు మేమే కొంటాం, ముందు ఎకరాకు ఇంత కట్టండి" అని ఎవరైనా ఊళ్లోకి వస్తే డబ్బు కట్టకండి. వాసనకు పనికొచ్చే ఆముదం, గ్రీజుకు పనికొచ్చే ఆముదం అని రెండు రకాల పంటలు లేవు. గింజ ఒకటే, నూనె ఒకటే. తేడా అంతా కర్మాగారంలో జరిగేదే. ఒప్పంద సాగు అన్నవాడు రాతకోతలతో, కొనుగోలు ధరతో, బ్యాంకు హామీతో వస్తే అప్పుడు కూర్చుని మాట్లాడవచ్చు.

మరి ఈ వాసన కథ ఎందుకు చెప్పినట్టు? ఒక్క మాట కోసం. గింజ యార్డు గేటు దాటిన తర్వాతే దాని విలువ మెట్టు మెట్టుగా పెరుగుతుంది. నూనె ఒక మెట్టు, శుద్ధిచేసిన నూనె ఒక మెట్టు, దండను తెంపిన ముక్కలు ఒక మెట్టు, వాసన చిట్టచివరి మెట్టు. మధ్యలో గ్రీజు, రంగులు, మందులు, ప్లాస్టిక్, నైలాన్-11 అనే గట్టి నైలాన్ వంటివి ఎన్నో ఉన్నాయి. నిజమైన గిరాకీ వీటిది. రైతు మాత్రం మొదటి మెట్టు కింద, నేల మీదే నిలబడి ఉన్నాడు. చివరి మెట్టు మనకు అందదు. మొదటి మెట్టయినా ఎక్కాలన్నదే నా వాదన.

ధర ఎక్కడ తేలుతోంది?

ప్రపంచంలో పండే ఆముదంలో సింహభాగం భారతదేశానిదే. అందులో మళ్లీ అత్యధికం గుజరాత్‌ది. ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు ఆముదం సాగు విస్తీర్ణంలో ఆంధ్రప్రదేశే దేశంలో ముందుండేది. పాలమూరు, నల్లగొండ చల్క నేలల్లో ఆముదం లేని ఊరుండేది కాదు. 1968లో గుజరాత్ జీసీహెచ్-3 అనే సంకర రకం విడుదల చేసింది. నీటి వసతి కింద వేశారు. దిగుబడి పెరిగింది, మిల్లులొచ్చాయి, కాండ్లా రేవు నుంచి ఎగుమతులు పెరిగాయి. మనం వానను నమ్ముకుని ఎకరాకు మూడు నాలుగు క్వింటాళ్ల దగ్గర ఉండిపోయాం. గెల పూతకొచ్చే వేళ ముసురు పట్టిందంటే బూజు తెగులు వచ్చి అదీ పోతుంది. పత్తి, మొక్కజొన్న వచ్చి ఆముదాన్ని గట్ల మీదికి నెట్టాయి.

మిల్లులు అక్కడ, రేవు అక్కడ, ఫ్యూచర్స్ బేరం కంప్యూటర్ల మీద. కాబట్టి ఇక్కడ మన యార్డులో పలికే ధర అక్కడి ధరను చూసి కదులుతుంది. 2016 జనవరిలో ధరలు పడిపోతుంటే ఎన్‌సీడీఈఎక్స్ ఎక్స్ఛేంజిలో ఆముదం ఫ్యూచర్స్ బేరాన్నే నిలిపివేయాల్సి వచ్చింది. ఆ బేరంలో మన ఎకరన్నర రైతు లేడు. కాని ఆ పాటున దెబ్బ మాత్రం ఆయనకూ తగిలింది. అప్పు తెచ్చి పండించిన వాడు గింజ ఇంట్లో పెట్టుకుని ఎన్నాళ్లు కూర్చుంటాడు?

మద్దతు ధర ఎందుకు లేదు?

కేంద్రం 22 పంటలకు కనీస మద్దతు ధర ప్రకటిస్తోంది. నూనెగింజల్లో వేరుశనగ, నువ్వులు, పొద్దుతిరుగుడు, సోయా, ఆవాలు, కుసుమలు, చివరికి వెర్రినువ్వులు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఆముదం లేదు. ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం అంటారు. మహావృక్షాల జాబితాలో మాత్రం ఆముదానికి చోటు దొరకలేదు.

అడిగితే ఒక జవాబు వస్తుంది: "ఆముదం తినే నూనె కాదు గదా, ప్రభుత్వం కొని ఏం చేసుకుంటుంది?" పత్తి తింటామా? జనపనార తింటామా? ఆ రెండింటికీ మద్దతు ధర ఉంది. పత్తిని సీసీఐ కొని మళ్లీ మిల్లులకు అమ్ముతోంది. ఆముదం చెడిపోయే సరుకు కాదు, ఎండబెట్టి నిల్వ చేస్తే నెలల తరబడి ఉంటుంది. విదేశాల్లో గిరాకీ ఉన్న సరుకు. ఏటా లక్షల టన్నుల ఆముదం నూనె ఎగుమతి చేసి దేశం విదేశీ మారకం తెచ్చుకుంటోంది. ఆ మారకం తెచ్చే గింజకు కింద ఒక అడుగు ధర ఉండాలని కోరడం గొంతెమ్మ కోరిక కాదు.

మద్దతు ధర వస్తే ఏటా ప్రభుత్వమే అంతా కొనాలని కూడా లేదు. ధర పడిన ఏడు వెనక ఒక గోడ ఉందని తెలిస్తే వ్యాపారి కూడా మరీ దిగజార్చి అడగడు. గోడ లేకపోతే ఎంతకైనా అడుగుతాడు.

దీంతోపాటు ఇంకొకటి అడగాలి. యార్డుల్లో తేమ మిషన్, జల్లెడ ఉండాలి. వాటితో చూసిన తర్వాతే కోత పెట్టాలి. కంటి చూపు కోత, చేతి నలుపు కోత ఆగాలి. ఇది ఢిల్లీ దాకా పోవాల్సిన పని కాదు. మార్కెట్ కమిటీ తలుచుకుంటే రేపే చేయవచ్చు.

మన చేతిలో ఉన్న పని

సర్కారు చేసేదాకా మనం ఊరికే కూర్చోవద్దు. కోతకు సాకు దొరికేది మన దగ్గరే అన్నదీ నిజమే.

ఆముదం గెలలన్నీ ఒకేసారి పక్వానికి రావు. మొదటి గెల 90 నుంచి 100 రోజులకు వస్తే, తర్వాతివి 25, 30 రోజులకొకసారి వస్తాయి. కూలీలు దొరకరని పచ్చి గెలలు, ఎండిన గెలలు కలిపి కోస్తే తాలు పెరుగుతుంది, నూనె తగ్గుతుంది. కాయలు పసుపు తిరిగి ఎండుముఖం పట్టినప్పుడే కోయాలి. కోసిన గెలల్ని పచ్చిగా కుప్ప పెడితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. తడిసిన గింజ, పగిలిన గింజ నూనెలో పులుపు పెంచుతాయి. శుద్ధిచేసేవాడికి ఆ నూనె అంటే భయం. అందుకే మంచి సరుకుకు మంచి ధర అన్న మాట ఆముదంలో ఇంకా ఎక్కువ నిజం.

నాలుగైదు రోజులు పట్టాల మీద ఎండబెట్టండి. కాయ కొట్టాక తూర్పార పట్టండి, జల్లెడ వేయండి. పొట్టు, తాలు మన కళ్లంలోనే ఉండిపోవాలి. దాన్ని బండి కిరాయి పెట్టి యార్డుకు మోసుకుపోయి, అక్కడ కోత పెట్టించుకోవడమెందుకు? రెండు రకాల గింజల్ని ఒకే బస్తాలో కలపకండి.

విత్తనం విషయంలో పాలెం పరిశోధన స్థానాన్ని, రాజేంద్రనగర్‌లోని నూనెగింజల పరిశోధన సంస్థను అడగండి. క్రాంతి, హరిత, జ్వాల వంటి రకాలు, పీసీహెచ్-111, డీసీహెచ్-519 వంటి సంకరాలు ఉన్నాయి. మీ నేలకు, మీ వానకు ఏది కుదురుతుందో వారే చెప్పాలి. సంకర రకం గింజను మరుసటి ఏడు విత్తనంగా దాచుకోకండి. వాన ఆలస్యమైతే విత్తడం లాగి లాగి బూజు తెగులు కాలానికి గెలలు ఎదురు పెట్టడం కన్నా, ముందే వారిని సలహా అడగడం మేలు.

నలుగురు కలిస్తే మొదటి మెట్టు

ఒక్కడు నాలుగు క్వింటాళ్లు తెస్తే కొనేవాడి మాటే చెల్లుతుంది. ఏభై మంది కలిసి ఒక లారీ లోడు చేస్తే మిల్లువాడితో నేరుగా మాట్లాడవచ్చు. తేమ ఇంత, తాలు ఇంత అని ముందే కొలిచి రాసుకుని మరీ మాట్లాడవచ్చు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఇప్పుడు చాలా మండలాల్లో ఉన్నాయి. ఎరువులు, పురుగు మందులు అమ్మే దుకాణాలుగానే చాలా చోట్ల అవి మిగిలిపోయాయి. గింజ కూడబెట్టి అమ్మే పని వాటితో చేయించాలి.

సంఘం నిలదొక్కుకున్న తర్వాత గానుగ మిషన్ ఆలోచన చేయవచ్చు. ఇక్కడా లెక్క వేసుకునే దిగాలి. గింజలో నూనె నూటికి 45 నుంచి 50 పాళ్లున్నా, చిన్న ఎక్స్‌పెల్లర్‌లో వంద కిలోలకు 40 కిలోల లోపే చేతికొస్తుంది. మిగతాది చెక్కలోనే ఉండిపోతుంది. చెక్క మంచి ఎరువు, తోటల రైతులు కొంటారు. కాని అందులో రిసిన్ అనే విషముంది, పశువులకు పెట్టరాదు. గింజ ధర, కరెంటు, కూలి ఒక పక్క, నూనె ధర, చెక్క ధర ఒక పక్క రాసి చూడండి. ఏడాదిలో కనీసం ఎన్ని నెలలు మిషన్ తిరిగేంత గింజ ఉందో చూడండి. నూనె కొనేవాడు ముందే కుదిరాడా చూడండి. ఈ మూడూ సరిపోతేనే రుణానికి బ్యాంకు మెట్లెక్కండి. సబ్సిడీ వస్తోందని మిషన్ తెచ్చి తుప్పు పట్టించిన సంఘాలను చూశాం.

సంఘం సొంతంగా గామా డెకాలాక్టోన్ చేయడం మాత్రం అయ్యే పని కాదు. అది పెద్ద తొట్లు, లేబొరేటరీ, చదువుకున్న మనుషులు, కొనే కంపెనీలు ఉన్న చోట జరిగే పని. అయితే గింజ పండే చోటే అలాంటి కర్మాగారం ఒకటి ఎందుకు రాకూడదని ప్రభుత్వాన్ని అడగవచ్చు. హైదరాబాద్ చుట్టూ మందుల కంపెనీలున్నాయి, ఈస్టుల్ని, తొట్లను ఎరిగిన శాస్త్రవేత్తలున్నారు. ముడిసరుకు పాలమూరులోనే ఉంది. మనసు పెడితే ఈ మూడూ కలవని దూరంలో లేవు.

ఆ రోజు టీ తాగి లేస్తూ పెద్దాయన ఒక మాటన్నాడు. "వాసన వాళ్లదే కానియ్యి సారూ. మా తూకం మాకు సక్కగ పడితే సాలు."

మొత్తం వ్యాసంలో నేను చెప్పదలచింది కూడా అదే. పీచ్ పండు వాసన మనం అమ్మలేం. కాని ఆ వాసనకు తల్లివేరు అయిన గింజ మనది. దానికి సరైన తూకం, కళ్ల ముందు కొలిచిన కోత, కింద పడకుండా ఒక మద్దతు ధర, ఈ మూడూ అడగడం మన హక్కు. ఈసారి యార్డుకు పోయేటప్పుడు ఒక్కరే పోకండి. పదిమంది కలిసి పోండి. గుప్పెడు గింజలు నలిపి "తడి ఉంది" అన్నవాణ్ణి, "ఎంత ఉంది? మిషన్ పెట్టి చూపించు" అని అడగండి.